ఎవరెస్టు నెక్కిన గృహిణి

పర్వతములు మనకు క్రొత్తవి కావు. హిమవంతుని కూతురగు పార్వతిని మన యింటి యాడుపడుచుగా నెంచి పూజించుచున్నాము. బదరీ కేదారములకు పోయి వచ్చిన పెద్దమ్మ తెచ్చిన గంగను కన్నుల కద్దుకొనుచున్నాము. అయినను మన యింటి పిల్ల “కొండ యెక్కుట నేర్చుకొందును” అన్నచో, “ఆడుదానవు, నీ కది యేల?” యని మొదట పలుకునది మనమే. మా యింటి బాలిక యొకతె భువనగిరి గుట్టపై త్రాళ్లతో నెక్కుట నేర్చుకొందునని యడిగినప్పుడు మేమును అట్లే పలికితిమి. పలికిన పిదప ఒక జపాను గృహిణి చరిత్ర మాకు జ్ఞప్తికి వచ్చి, ఆ మాట మనస్సున ముల్లువలె నాటుకొన్నది.

ఆమె పేరు జుంకో తబెయి. 1939 వ సంవత్సరమున ఫుకుషిమా మండలములోని మిహరు అను చిన్న యూర జన్మించెను. బాల్యమున బలహీనురాలు. పదియేండ్ల ప్రాయమున ఉపాధ్యాయుని వెంట నాసు పర్వతమునకు పోయినది మొదలు ఆమెకు కొండలపై మక్కువ కలిగెను. ఇందు పందెము లేదనియు, మెల్లగా నడచినవారును శిఖరము చేరవచ్చుననియు ఆమె యప్పుడే గ్రహించెను. పెద్దదైన పిదప ఆమెతో గూడి కొండ నెక్కుటకు పురుషులు కొందరు సమ్మతింపలేదు. అందుచే 1969 లో స్త్రీలకే ప్రత్యేకముగా నొక పర్వతారోహణ సంఘమును స్థాపించెను. మరుసటి యేడు ఆ సంఘమువారు హిమాలయములలో మూడవ అన్నపూర్ణ శిఖరము నెక్కిరి.

తరువాత వారి దృష్టి ఎవరెస్టుపై పడెను. ధనసహాయము కొరకు పోయినచోట్ల, “స్త్రీలు ఇంట నుండి బిడ్డలను పెంచుకొనవలెను గాని వారికీ పని యేల?” యనిరి. తుదకు ఒక వార్తాపత్రికవారును ఒక టెలివిజనువారును కొంత యిచ్చిరి. మిగిలినది తామే కూర్చుకొనవలసి వచ్చెను. తబెయి పిల్లలకు పియానో నేర్పి ధనము చేర్చెను. కారుపై కప్పు గుడ్డను కత్తిరించి చేతి తొడుగులు కుట్టెను; పాత తెరలతో లాగులు కుట్టెను; బాతు యీకలు కొని పడక సంచులు చేసికొనిరి. బడిపిల్లలు తినక విడిచిన జాము పొట్లములను ఉపాధ్యాయినులు వారికొరకు ప్రోగుచేసిరి. పొదుపెరిగిన గృహిణుల నేర్పు ఇందెల్ల గానవచ్చుచున్నది కదా!

1975 లో పదునైదుగురు స్త్రీలు బయలుదేరిరి. తబెయికి అప్పుడు మూడేండ్ల కూతురు కలదు. భర్త తానును పర్వతారోహకుడగుటచే ఆమె ప్రయాణమునకు అడ్డు చెప్పలేదు. మే 4 వ తేదీ రాత్రి, దాదాపు 20,700 అడుగుల యెత్తున, వారు నిద్రించు గుడారములపై హిమపాతము విరుచుకొనిపడెను. మంచు క్రింద నామె స్మృతి తప్పెను. షెర్పాలు పైకి లాగి ప్రాణము నిలిపిరి. రెండు దినములవరకు నడువలేకపోయినను, ఆమె క్రిందికి దిగిపోవుటకు ఒప్పుకొనలేదు.

ప్రాణవాయువు బుడ్లు చాలనంత పైకి చేర్చుట సాధ్యము కాకపోవుటచే, ఇద్దరికి బదులు ఒక్కతెయే శిఖరమునకు పోవలసి వచ్చెను. నాయకురాలు తబెయిని పంపెను. శిఖరమునకు కొంచెము దిగువను కత్తివాదరవంటి మంచుగట్టు అడ్డము వచ్చెను. దానిని గూర్చి పూర్వమెక్కినవారెవ్వరును వ్రాయలేదని ఆమెకు కోపము వచ్చెనట! పై దేహము చైనా వైపునను, కాళ్లు నేపాళము వైపునను ఉంచి, ప్రక్కకు ప్రాకుచు దాటెను. మే 16 వ తేదీన షెర్పా ఆంగ్ త్సెరింగుతో శిఖరము చేరెను. ఎవరెస్టు నెక్కిన మొదటి స్త్రీ ఆమెయే. తానుమాత్రము ముప్పదియారవ మనిషిగా తన్ను తలచుకొనుటయే మేలనెను. 2016 లో, డెబ్బది యేడేండ్ల వయస్సున, ఆమె పరమపదించెను.

ఈ బాట మన దేశమునకును వచ్చినది. 1984 మే 23 న బచేంద్రీ పాల్ అదే శిఖరము నెక్కెను. 2014 మే 25 న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమునుపే, టిబెట్టు వైపునుండి ఎక్కెను. ఆమె తొలి యభ్యాసము జరిగినది భువనగిరి గుట్టపైననే!

ఇందు అపాయము లేదని మేము చెప్పము. ఆ యేడే ఏప్రిలు 18 న, నేపాళము వైపున మంచు విరిగిపడి, పదునార్గురు నేపాళీ పనివారు మరణించిరి. వారిండ్లలోను తల్లులుండిరి. కావున తల్లి భయము వ్యర్థమైనది కాదు. అయితే ఆ భయము తలుపు మూయుటకు గాక, త్రాడు గట్టిదా యని పరీక్షించుటకు వినియోగింపవలెను.

మా బాలికకు “వద్దు” అను మాటను మేము వెనుకకు తీసికొంటిమి. నేర్పువారెవరు, త్రాళ్లెట్టివి, తోడెవరుందురు అని ఇప్పుడు విచారించుచున్నాము. సోదరీమణులారా, మీ పిల్ల అడిగిననాడు మీరును ముందుగా ఈ ప్రశ్నలనే యడుగుడు.