దొమ్మరి, కార్నీ, నుమాయిష్ వాళ్లు

అమెరికాలో ఊరూరా తిరిగే వినోదమేళాల్లో రంగులరాట్నాలు నడిపేవారిని, పందేల ఆటల దుకాణాలు పెట్టేవారిని ‘కార్నీ’ అంటారు; బయటివారి నోట చులకనగా వినిపించే ఆ మాటను వృత్తివారు తమలో తాము గర్వంగానే చెప్పుకుంటారు. తెలుగునాట డోలు మోతకు తగ్గట్టు పొడవైన వెదురుగడ ఎక్కి, దాని కొనపై పొట్ట ఆనించి గిరగిర తిరిగే దొమ్మరుల పేరుకు ఆ అదృష్టం దక్కలేదు: కులాన్నీ విద్యనూ కలిపి సూచించే ఆ మాటను లోకం తిట్టుగా మార్చింది; గడ ఎక్కేది చాలాచోట్ల ఆడమనిషేనన్న సంగతి తిట్టేవారికి పట్టదు.

హైదరాబాద్ నాంపల్లిలో జరిగే నుమాయిష్, అంటే 1938లో మొదలై ఏటా జనవరిలో తెరుచుకునే పారిశ్రామిక ప్రదర్శనలో, వాడుక వేరు: అక్కడివారిని ఆటను బట్టి జెయింట్ వీల్ వాళ్లనో, చెక్కగోడపై బైకులు నడిపే మౌత్ కా కువా వాళ్లనో పిలుస్తారు.