అలాయ్ బలాయ్ లేని దసరా

పనిచేసే చోట జరిగే పండగల్లో తెలంగాణలో పెద్దది ఆయుధపూజ. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపోలో బస్సులకు, ఎల్బీనగర్ మెకానిక్ షెడ్లలో పానాలకు, జాకీలకు, బట్టల దుకాణాల్లో కత్తెరకు, గల్లాపెట్టెకు పసుపు కుంకుమలు పెడతారు. బంతిపూల దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచి బండిని ముందుకు కదుపుతారు. పూజ ముగిశాక ‘బంగారం’ అంటూ జమ్మి ఆకు ఒకరి చేతిలో ఒకరు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. 2020లో కరోనాతో చిక్కు వచ్చింది ఈ చివరి ఘట్టానికే. యంత్రానికి మాస్కు అక్కర్లేదు. మనిషిని మనిషి హత్తుకునే చోటే భయం.

ఆ ఏడాది ఉగాది నాడే, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. శ్రీరామనవమి, రంజాన్, బోనాలు, వినాయక చవితి ఇళ్లలోనే గడిచాయి. సెప్టెంబరు 7న మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మళ్లీ నడిచింది. ఆరు నెలలు డిపోలు దాటని సిటీ బస్సుల్లో నాలుగో వంతు 25న రోడ్డెక్కాయి. ఇక్కడ పంచాంగం కూడా కలిసొచ్చింది. అధిక ఆశ్వయుజం రావడంతో దసరా నెల వెనక్కి జరిగి అక్టోబరు 25న పడింది. దేశంలో రోజువారీ కేసులు లక్షకు చేరువైంది సెప్టెంబరు మధ్యలో. పండగ నాటికి ఉధృతి తగ్గుముఖం పట్టింది. మామూలు ఏడాదిలా వచ్చి ఉంటే ఆయుధపూజ ఆ ఉధృతి వెన్నంటే పడేది.

కేంద్ర ఆరోగ్యశాఖ అక్టోబరు 6న పండగల మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం, విగ్రహాలను తాకకపోవడం, బృందగానానికి బదులు రికార్డు పాటలు అందులోని ముఖ్యాంశాలు. పూజ వరకు ఇవి పెద్ద అడ్డు కాలేదు. అందరూ ఒక్కసారే గుమిగూడకుండా షిఫ్టుకు కొందరు చొప్పున చేసుకోవచ్చు. కలిపిన ప్రసాదం చేతితో పంచే బదులు అరటిపండో, పొట్లమో ఇవ్వొచ్చు. కొత్తగా వచ్చిన ప్రమాదం ఒకటుంది: శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాలు. అది రాసుకున్న తడి చేతితో అగ్గిపుల్ల గీస్తే చెయ్యి అంటుకుంటుంది. హారతికి ముందు సబ్బుతో కడుక్కోవడమే క్షేమం.

బతుకమ్మ సంగతి వేరు. సాయంత్రం కార్యాలయాల ఆవరణలో ఉద్యోగినులు ఆడే బతుకమ్మకు వలయమే ప్రాణం. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకోవాలి, చప్పట్లు కలవాలి. ఆరడుగుల ఎడంతో నిలబడి రికార్డు పాటకు చప్పట్లు కొడితే నిబంధన నిలుస్తుంది, ఆట నిలవదు. దీనికి సరైన ప్రత్యామ్నాయం దొరకలేదనే చెప్పాలి.

పైగా అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు సరూర్‌నగర్, హయత్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల కాలనీలు మునిగాయి. పన్నెండు రోజుల్లో దసరా. నీళ్లు తాగిన బైకులు, ఆటోలు బాగుపడందే పూజకు బండే లేదు. ఊళ్లకు వెళ్లేవారికి మరో ఇబ్బంది: తెలుగు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ ఒప్పందం నవంబరు 2న గానీ కుదరలేదు. దాంతో విజయవాడ వైపు పండగ ప్రయాణానికి ప్రైవేటు ట్రావెల్స్, సొంత బండ్లే దిక్కయ్యాయి. ఇక దిల్‌సుఖ్‌నగర్‌కు పేరు తెచ్చిన కోచింగ్ సెంటర్లలో తరగతులే లేవు. విద్యార్థులు ఊళ్లలో ఉండగా హాస్టళ్లు బోసిపోయాయి.

ఐటీ ఉద్యోగుల ఆయుధం మాత్రం ఇంటికే వచ్చింది. హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాల్సినవాళ్లు ఇంట్లో దేవుడి పటం ముందే ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి, వీడియో కాల్‌లో సహోద్యోగులకు చూపించారు. జమ్మి ఆకు ఫొటోగా వాట్సాప్‌లో చేరింది. ఆలింగనం స్థానంలో నమస్కారం మిగిలింది. అదే ఏడాది డిసెంబరులో పాశ్చాత్య దేశాల కంపెనీలు క్రిస్మస్ విందును తెర మీదికి మార్చాయి. ఆ విందులో ఉండేది మనుషులే కాబట్టి దాదాపు అంతా తెరపైకే పోయింది. ఇక్కడ కనీసం బండి, పానా, కత్తెర పూజ అందుకున్నాయి.

మరుసటేడు దసరా అక్టోబరు 15న వచ్చింది. అప్పటికి చాలామందికి కనీసం ఒక టీకా పడింది. ఆ తర్వాత ఆరు రోజులకు, 21న, దేశంలో వేసిన డోసులు 100 కోట్లు దాటాయి.