26 మిల్లీమీటర్ల ఖాళీ

డోన్ లాంటి ఊళ్ళో ఫొటో స్టూడియో అంటే ముహూర్తాలున్నప్పుడు పెళ్ళిళ్ళు, లేనప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు. ఈ మధ్య అలాంటి స్టూడియోల్లో కూడా కెమెరా బాడీలు మారాయి. లోపల అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు పోయి మిర్రర్‌లెస్‌లు వచ్చాయి. చాలాచోట్ల దాంతోపాటు కంపెనీ కూడా మారింది. బీరువాలో మాత్రం కానన్ 70-200, నికాన్ 300 లెన్సులు అలాగే ఉన్నాయి. బాడీ విలువ ఏటికేడు పడిపోతుంది కానీ మంచి టెలిఫొటో లెన్సు గాజు అంత తొందరగా పాతబడదు. దాని శత్రువు బూజు. మన పొడి గాలిలో కోస్తా వాళ్ళకున్నంత బూజు భయం ఉండదు, రాయలసీమకు దక్కిన కొద్దిపాటి సౌకర్యాల్లో ఇదొకటి.

మరి సోనీ బాడీకి కానన్ లెన్సు పడుతుందా? అడాప్టర్ రింగు వేస్తే పడుతుంది. మంచి రింగులో గాజు ఉండదు. కొంత ఖాళీని కచ్చితంగా పట్టి ఉంచే లోహపు గొట్టం అది, అంతే. ఆ ఖాళీ ఎంత ఉండాలన్నదే అసలు లెక్క.

ప్రతి కంపెనీ లెన్సు బిగించే మౌంటు నుంచి సెన్సర్ దాకా ఒక దూరాన్ని ఖాయం చేసుకుంటుంది. దీన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటుకు అది 46.5 మిల్లీమీటర్లు. 1987 నాటి కానన్ ఈఎఫ్‌కు 44. పాత కెమెరాల్లో సెన్సర్ ముందు అద్దం పైకీ కిందికీ ఆడాలి కాబట్టి అంత చోటు తప్పనిసరి. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు, చోటూ అక్కర్లేదు. అందుకే సోనీ ఈ మౌంటుకు 18, నికాన్ జెడ్‌కు 16, కానన్ ఆర్‌ఎఫ్‌కు 20 సరిపోయాయి. ఈఎఫ్ లెన్సును సోనీ మీద పెట్టాలంటే 44లోంచి 18 తీసేయండి. మిగిలిన 26 మిల్లీమీటర్లే రింగు మందం. లెన్సు తన పాత చోటులోనే ఉన్నానని అనుకుంటుంది, దూరంగా ఉన్నది సెన్సర్ మీద స్పష్టంగా పడుతుంది.

ఎదురు దిక్కులో ఈ లెక్క నడవదు. పాత నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు కానన్ లెన్సు తగిలించాలంటే మైనస్ 2.5 మిల్లీమీటర్ల మందమున్న రింగు కావాలి. అలాంటిది ఎవరు తయారు చేస్తారు? ఏ మందమూ లేకుండా అతికించగలిగామనుకున్నా లెన్సు ఉండాల్సిన చోటుకంటే రెండున్నర మిల్లీమీటర్లు ముందుంటుంది. దూరాన ఉన్నది ఫోకస్‌లోకి రాదు. ఎంత దూరం వరకు వస్తుందో స్కూలు పుస్తకంలోని కటక సూత్రమే చెబుతుంది: ఫోకల్ లెంగ్త్‌ను వర్గం చేసి, ఆ అదనపు దూరంతో భాగిస్తే చాలు. 50 ఎంఎం లెన్సుకు 2500ను 2.5తో భాగిస్తే వెయ్యి మిల్లీమీటర్లు, అంటే మీటరు. ఆ కెమెరాతో ఎదురుగా కూర్చున్నవాడి ముఖం తీయొచ్చు, గది అవతలి గోడ తీయలేం. 300 ఎంఎంకు అదే లెక్క వేస్తే 36 మీటర్లు వస్తుంది.

ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది తలకిందులుగా అనుకుంటారు. పెద్ద లెన్సు కాబట్టి రింగు మందంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పాడైపోతుందని భయపడతారు. కానీ రింగు 0.05 మిల్లీమీటరు మందంగా వచ్చిందనుకోండి. 20 ఎంఎం వైడ్ లెన్సు 8 మీటర్లకు అవతల ఉన్నదాన్ని సరిగా పట్టలేదు. 300 లెన్సు పద్దెనిమిది వందల మీటర్ల దాకా నిక్షేపంగా పడుతుంది. పైగా ఎండకు లోహం వ్యాకోచిస్తుందని చాలా టెలిఫొటో లెన్సులకు అనంతం గుర్తు దాటి ఇంకాస్త తిరిగే వెసులుబాటు ముందే పెడతారు. చవక రింగుతో చెడేది వైడ్ లెన్సు, టెలిఫొటో కాదు. ఇంకో కంపెనీ బాడీ మీదకు తేవడానికి అన్నిటికంటే తగినది టెలిఫొటోయే అని నేననేది ఇందుకే.

ఆ 36 మీటర్లతో మన ప్రాంతంలో ఏం పని జరుగుతుంది? డోన్ నుంచి కర్నూలు మీదుగా నందికొట్కూరు వైపు వెళితే రోళ్లపాడు అభయారణ్యం ఉంది. 1988లో బట్టమేకపిట్ట కోసం ప్రకటించిన గడ్డిమైదానం, విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. పిట్ట తరిగిపోయింది, కృష్ణజింకలు పెరిగాయి. చుట్టుపక్కల రైతును అడిగితే జింకల మీద అభిప్రాయం వేరే ఉంటుంది, అది ఇంకో వ్యాసం. ఫొటోకు వచ్చేసరికి ఆ బయలులో చెట్టు చాటు లేదు, జింక మనిషిని 36 మీటర్ల దాకా రానివ్వదు. కాబట్టి అనంతం దాకా ఫోకస్ అయ్యే జోడీయే కావాలి. అంటే మిర్రర్‌లెస్ బాడీ, పాత లెన్సు, మధ్యలో సరైన మందం.

ఇలా జోడించుకోవడం మిర్రర్‌లెస్‌తో మొదలైందేమీ కాదు. మద్రాసులో ఉండి జంతువుల గురించి రాసిన ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేరు కెమెరాల భాగాలు కలిపి ఒక భారీ యంత్రం చేసుకుని దానికి ‘సూపర్ పాండెరోసా’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన దగ్గర ఆటోఫోకస్ లేదు కాబట్టి మన తలనొప్పి కూడా లేదు.

ఆ తలనొప్పి తీగల్లో ఉంది. కానన్ ఈఎఫ్ లెన్సులో ఫోకస్ తిప్పే మోటారు, లోపలి రంధ్రాన్ని మూసే మోటారు రెండూ లెన్సులోనే ఉంటాయి, కరెంటు సంకేతాలతో నడుస్తాయి. ఉత్త లోహపు రింగు వేస్తే అవి మూగబోతాయి, లెన్సు పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. చిప్పు ఉన్న అడాప్టర్ సోనీ బాడీ మాటల్ని కానన్ లెన్సుకు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. ఇందులో చాలావరకు కంపెనీ చెప్పింది కాదు, ఇతరులు సంకేతాలు గమనించి కూపీ లాగినది. అందుకే నిలబడ్డ జింకకు బాగా పనిచేసి, గెంతే జింక దగ్గర తడబడుతుంది. నికాన్ కథ వేరు. పాత ఏఎఫ్-డి లెన్సుల్లో మోటారే లేదు, బాడీలోని మోటారు ఒక చిన్న స్క్రూను తిప్పేది. 2018లో నికాన్ తన జెడ్ బాడీలకు తానే అమ్మిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ ఆ మోటారు పెట్టలేదు. సొంత కంపెనీయే చేత్తో తిప్పుకోమంటుంటే పరాయి రింగును తిట్టి లాభం లేదు. అయినా చేత్తో తిప్పడం ఇప్పుడు పాతకాలమంత కష్టం కాదు. బాడీ తెర మీద బొమ్మను పెద్దది చేసి చూపిస్తుంది, ఫోకస్ అయిన అంచులకు రంగు పూస్తుంది.

వణుకు సంగతి ఇంతకంటే మొండిది. చేయి అర డిగ్రీ కదిలితే 50 ఎంఎంలో బొమ్మ సెన్సర్ మీద 0.4 మిల్లీమీటర్లు జరుగుతుంది, 300లో 2.6. సెన్సర్‌ను కదిపి వణుకు సరిచేసే బాడీలకు అంత ప్రయాణం కష్టం. పైగా చిప్పు లేని రింగు వేస్తే ఎదుట ఉన్నది ఏ లెన్సో బాడీకి తెలియదు. మెనూలోకి వెళ్ళి 300 అని మనమే కొట్టాలి. అంతకుముందు పెట్టిన లెన్సు తాలూకు 50 అలాగే ఉండిపోతే వణుకు సగం కూడా తగ్గదు. లెన్సులోనే స్టెబిలైజర్ ఉంటే, దానికి కరెంటు అందించే అడాప్టర్‌కు ఇంకాస్త డబ్బు పెట్టడమే మేలు.

బరువును చాలామంది మరిచిపోతారు. కిలోన్నర లెన్సు, దాని వెనక రింగు, ఆ వెనక చిన్న బాడీ. ట్రైపాడ్‌ను బాడీకి బిగిస్తే, బేతంచెర్ల బండల్ని పలుగుతో లేపినట్టు, లెన్సు పొడవంతా మౌంటు మీద బలం వేస్తుంది. మౌంటు వదులైతే 26 మిల్లీమీటర్ల లెక్క ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది. ఫొటోలో ఎడమ చెవి స్పష్టంగా, కుడి చెవి మసగ్గా రావడానికి కారణం చాలాసార్లు ఇదే. లెన్సుకున్న కాలర్‌కే ట్రైపాడ్ బిగించాలి. జీపు కిటికీలోంచి తీసేటప్పుడు కందులు నింపిన గుడ్డసంచి ట్రైపాడ్ కంటే బాగా కుదురుకుంటుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా పగలు పదకొండుకు తీసిన బొమ్మ మెత్తగానే వస్తుంది. అప్పుడు అందరూ అనుమానించేది రింగునే. గాలి వక్రీభవన గుణకం ఒకటికి పైన దాదాపు 0.0003 మాత్రమే. 27 డిగ్రీల గాలి 47 డిగ్రీలకు వేడెక్కితే ఆ కొసరులో పదహారో వంతు తగ్గుతుంది. ఎండలో కాగిన నేల మీద వేడిగాలి, చల్లగాలి పొరలు పొరలుగా కలుస్తూ ఉంటే కిరణం రెండు వందల మీటర్లలో ఎన్నోసార్లు కొద్దికొద్దిగా వంగుతుంది. 50 ఎంఎంలో ఆ వంకర కనపడదు, 300 దాన్ని ఆరింతలు చేసి చూపిస్తుంది. ఏ కంపెనీ లెన్సూ దీనికి మందు కాదు. తప్పు ఎవరిదో తేల్చుకోవడం తేలికే. ఫోకస్ కదపకుండా, ట్రైపాడ్ మీద వరసగా పది ఫొటోలు తీసి చూడండి. పదీ ఒకేలా మసగ్గా ఉంటే రింగును అనుమానించవచ్చు. ఒకటి స్పష్టంగా, పక్కది మసగ్గా, ఇంకోదాంట్లో కొమ్ము వంకరగా వస్తే అది గాలి పని. కెమెరా సర్దేసి, మర్నాడు నేల వేడెక్కకముందే రావాలి.