మేడ మీది ట్యాంకుతో జలవిద్యుత్తు

కరెంటు పుట్టడానికి ఒక అయస్కాంతం, ఒక రాగి తీగచుట్ట, ఆ రెండింటిలో ఒకదాన్ని ఆగకుండా తిప్పే బలం ఉంటే చాలు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతి ఇది. విశాఖ దగ్గరి పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం నడిచేది దీనిమీదే. అక్కడ ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లున్నాయి. మొదటి రెండూ 2002లో, మిగతావి 2011, 2012లో వచ్చాయి. బొగ్గు మంట మీద కాగిన నీటి ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతుంది. మన్యంలోని మాచ్‌ఖండ్, సీలేరు కేంద్రాల్లో ఆ తిప్పే పని కొండ మీంచి దిగే నీరు చేస్తుంది. హైస్కూలు విద్యార్థి సైన్స్ ప్రాజెక్టు కోసం తయారుచేసే బుల్లి జలవిద్యుత్ యంత్రం ఈ రెండో జాతికి చెందినది.

పరవాడ సముద్రానికి దగ్గరగా ఉన్న మైదానం. పాడేరు వైపు ఉన్నట్టు ఏడాది పొడవునా పారే గెడ్డలు ఇక్కడ లేవు. అలాగని నీటి ఎత్తు లేకపోలేదు. రెండంతస్తుల మేడ మీది సింటెక్స్ ట్యాంకులో నీటిమట్టం నేల మీది కుళాయి కన్నా సుమారు 6 మీటర్లు పైన ఉంటుంది. ప్రాజెక్టుకు అది చాలు.

పని మొదలెట్టాల్సింది కాగితం మీద. చాలామంది అయస్కాంతాలు కొనడంతో మొదలుపెడతారు, ఎంత కరెంటు రావాలో తెలియకుండానే యంత్రం పూర్తిచేస్తారు. లెక్క కష్టమైనదేమీ కాదు. సెకనుకు ఎన్ని లీటర్ల నీరు పడుతోందో దాన్ని ఎత్తుతో హెచ్చవేసి, మళ్లీ 9.8తో హెచ్చవేస్తే నీటిలోని సామర్థ్యం వాట్లలో వస్తుంది. ప్రవాహం కొలవడానికి 20 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే సరి. బకెట్టు 100 సెకన్లలో నిండితే సెకనుకు 0.2 లీటరు. ఎత్తు 6 మీటర్లైతే 0.2 × 6 × 9.8, అంటే 12 వాట్లకు కాస్త తక్కువ. ఇది గరిష్ఠ లెక్క. పైపులో రాపిడి, చెదిరిపోయే నీళ్లు, బేరింగు బిగువు, తీగ నిరోధం తలా కొంత తినేస్తాయి. చేత్తో చుట్టిన తీగచుట్టల్లోంచి చివరికి అర వాటు దక్కినా ఆ యంత్రం బాగా చేసినట్టే.

కుళాయి నీటిని అలాగే చక్రం మీదికి వదిలితే లాభం లేదు. పైపు చివర 5 మిల్లీమీటర్ల రంధ్రమున్న నాజిల్ పెడితే నీరు సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో సన్నటి ధారగా దూసుకొస్తుంది. ధార వేగంలో సగం వేగంతో చక్రం అంచు కదిలినప్పుడు నీటి శక్తి అన్నిటికన్నా ఎక్కువగా చక్రానికి అందుతుంది. అమెరికాలోని గనుల్లో పనిచేసిన లెస్టర్ పెల్టన్ 19వ శతాబ్దంలో రూపొందించిన టర్బైన్‌కు మూలం ఇదే. 16 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం చుట్టుకొలత అర మీటరు. దాని అంచు సెకనుకు 5 మీటర్లు కదలాలంటే చక్రం సెకనుకు పది సార్లు తిరగాలి. నిమిషానికి 600 చుట్లన్నమాట.

చక్రానికి పలచటి ప్లైవుడ్ బిళ్ల, దాని అంచు చుట్టూ కాడలు కత్తిరించిన ప్లాస్టిక్ చెంచాలు సరిపోతాయి. చెంచా గుంట ధారకు ఎదురుగా ఉండాలి. ఇరుసుగా సైకిల్ పుల్ల పనికొస్తుంది. రెండు వైపులా చిన్న బాల్ బేరింగులు వేస్తే రాపిడి చాలా తగ్గుతుంది. చక్రానికీ తీగచుట్టలకూ మధ్య ఒక అట్టో ప్లాస్టిక్ పలకో అడ్డం పెట్టాలి, లేకపోతే తుంపరలు తీగ మీద పడతాయి.

అసలు నేర్పు కావాల్సింది జనరేటర్ భాగంలో. ఇరుసు రెండో కొసన ఇంకో బిళ్ల బిగించి, దాని మీద నాలుగు నియోడిమియం అయస్కాంతాలను ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం వరసలో అంటించాలి. వీటికి ఎదురుగా కదలని పలక మీద నాలుగు తీగచుట్టలు, మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం. ఎడం పెరిగినకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, మరీ తగ్గిస్తే బిళ్ల ఊగి తీగను రాసుకుంటుంది. మోటారు వైండింగు షాపుల్లో దొరికే 0.3 మిల్లీమీటర్ల ఎనామెల్ తీగతో ఒక్కో చుట్టకు 200 చుట్లు వేయాలి. అయస్కాంతాలు ఒకటి విడిచి ఒకటి తిరగబడి ఉన్నాయి కాబట్టి తీగచుట్టలను కూడా ఒకటి కుడివైపు చుట్టు, తరవాతది ఎడమవైపు చుట్టు వచ్చేలా వరసగా కలపాలి. అన్నీ ఒకే వైపుకు కలిపితే ఒకదాని వోల్టేజీని మరొకటి కొట్టేస్తుంది. చక్రం గిర్రున తిరుగుతున్నా మీటరు సున్నా చూపిస్తుంది. సున్నాకు ఇంకో కారణం కూడా తరచూ ఉంటుంది. రాగి తీగ మీద కంటికి కనిపించని ఎనామెల్ పూత ఉంటుంది, కొసల దగ్గర దాన్ని గరుకు కాగితంతో గీకకపోతే కరెంటు బయటికి రాదు. నియోడిమియం అయస్కాంతాలు వేళ్లను నొక్కేస్తాయి. చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం కూడా.

ఇందులో వచ్చేది ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. ఎర్ర ఎల్ఈడీకి 2 వోల్టుల దాకా, తెల్లదానికి 3 వోల్టుల దాకా కావాలి. రెండు ఎల్ఈడీలను ఎదురుబొదురుగా కలిపితే ఒకటి వెలిగినప్పుడు ఇంకోటి ఆరుతూ ఉంటుంది, వేగంగా తిరిగేటప్పుడు కంటికి రెండూ వెలుగుతున్నట్టే ఉంటాయి. తీగ చుట్టే ఓపిక లేనివాళ్లు బొమ్మ కారు మోటారునే తిరగేసి జనరేటర్‌గా వాడతారు. పాత ప్రింటర్లోని స్టెప్పర్ మోటారైతే తక్కువ వేగానికే మంచి వోల్టేజీ ఇస్తుంది. రెండూ పనిచేస్తాయి. కాకపోతే మోటారు డబ్బాలో ఏం జరుగుతోందో పిల్లలకు కనబడదు కనుక ప్రాజెక్టులో సగం సారం పోతుంది.

సైన్స్ ఫెయిర్లలో ఇలాంటి యంత్రం పక్కన ‘ఉచిత విద్యుత్తు’ అని రాసిన అట్ట కనబడుతుంటుంది. అది తప్పు. ట్యాంకులోకి నీరు ఎక్కించింది మోటారే. 1,000 లీటర్ల నీరు 6 మీటర్లు దిగితే అందులోని శక్తి మొత్తం 16 వాట్-గంటలు, సుమారుగా ఒక స్మార్ట్‌ఫోన్ బ్యాటరీలో పట్టేంత. చేతి తయారీ యంత్రంతో అందులో ఒక వాట్-గంట కూడా రాదు. ఆ నీటిని పైకి తోడటానికి అర హెచ్‌పీ మోటారు అరగంట నడిస్తే 190 వాట్-గంటల పైమాటే ఖర్చవుతుంది. అలాగని కరెంటు ఖర్చుపెట్టి నీరు తోడి, ఆ నీటితోనే మళ్లీ కరెంటు తీయడం తెలివితక్కువ పనేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యూనిట్లు రెండు వైపులా తిరగగలవు. కరెంటు మిగులున్నప్పుడు పంపులుగా, గిరాకీ ఉన్నప్పుడు జనరేటర్లుగా. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఏడున్నాయి. ఎగువ సీలేరులో ఏపీ జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్ల పథకమూ ఇదే రకం. వాటిలోనూ ఎక్కించిన శక్తి మొత్తం తిరిగి రాదు, అవసరమైన వేళకు దాచి ఇవ్వడమే వాటి ఉపయోగం. అట్ట మీద ‘నీటి బ్యాటరీ’ అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ఎల్ఈడీ వెలిగాక యంత్రాన్ని పక్కన పెట్టేయకుండా రెండు కొలతలు తీసుకోవాలి. ఒకటి ఎత్తుకు సంబంధించినది. అదే నాజిల్‌తో మేడ మెట్ల మలుపు దగ్గర, అంటే 3 మీటర్ల దిగువన ఓసారి, నేల మీద 6 మీటర్ల దిగువన ఇంకోసారి నడపాలి. ఎత్తు రెట్టింపైతే ధార వేగమూ, పడే నీరూ రెండూ 1.4 రెట్లవుతాయి. కాబట్టి ధారలోని సామర్థ్యం రెండు రెట్లు కాకుండా దాదాపు 2.8 రెట్లవుతుంది. రెండోది భారానికి సంబంధించినది. ఏమీ కలపనప్పుడు మీటరులో వోల్టేజీ చూసి, ఎల్ఈడీలు ఒక్కొక్కటే కలుపుతూ మళ్లీ చూడాలి. కలిపినకొద్దీ వోల్టేజీ దిగుతుంది, చక్రమూ కొంత నెమ్మదిస్తుంది. చుట్టల్లో పారే కరెంటు తన అయస్కాంత బలంతో తిప్పేదాన్నే అడ్డగిస్తుంది మరి. సాయంత్రం విశాఖలో దీపాలన్నీ ఒకేసారి వెలిగినప్పుడు సింహాద్రిలో ఆవిరి ఇంకొంచెం ఎక్కువ వదలాల్సి వచ్చేది కూడా ఇందుకే.