సురభివారి నడుమ నొక విద్యార్థిని

ఇప్పటి కళాశాలలు కొన్నింటిలో బిల్లలు పుస్తకములు చదివిన మాత్రమున జాలదు. కొన్ని వారములైనను ఏదేని పనిలో దిగి యనుభవము గడించి, ఆ మేరకొక పత్రము తేవలయును. తోడివారందఱు కార్యాలయములకు బోవుచుండగా, మా మేనకోడలు నాటకసమాజమునకు బోయెదనన్నది. "ఆడపిల్ల నాటకాలవాళ్ళతో తిరగడమా?" యని మా వదినగా రొకపూట భోజనము మానిరి. ఆ సమాజము సురభివారిలో నొకటి యని తెలిసిన పిమ్మటగాని యామె మనసు కుదుటబడలేదు.

కుదుటబడుటకు గారణము లేకపోలేదు. సోదరీమణులలో బలువురు సురభివారి మాయాబజారును, పాతాళభైరవిని జూచియే యుందురు. 1885వ సంవత్సరమున గడపమండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు తమవారితో గీచకవధ నాటకము నాడించిరి. అంతకు ముందు వీరి పెద్దలు తోలుబొమ్మ లాడించెడివారు. సీతకైనను ద్రౌపదికైనను మీసము గొఱిగించుకొన్న పురుషుడే దిక్కయిన కాలమున, సురభివారి యింటి యాడువారే స్త్రీపాత్రలు ధరించిరి. 1932లో వెలువడిన తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేషము వేసిన కమలాబాయిగారు సురభి యాడపడుచే. తాత మొదలు మనుమరాలి వఱకు నొకే నాటకమున గనబడుట వీరికి వింత కాదు. హైదరాబాదు చెంత శేరిలింగంపల్లిలో వీరి కుటుంబము లనేకము కాపురమున్నవి.

మా పిల్ల వేషము వేయుదు ననుకొని పోయినది. వారు చేతికి సూదియు దారము నిచ్చిరి. మొదటివారమంతయు ఊడిన చమ్కీలు కుట్టుటయే పని. తరువాత రంగులు పెట్లిపోకుండ తెరలు చుట్టుట, కిరీటములు భుజకీర్తులు లెక్కచూచి పెట్టెలలో సర్దుట. ఇంట దన కంచము దాను దీయని పిల్ల యిదంతయు జేసినదన్న మాకే నమ్మశక్యము కాలేదు.

పిదప దారము చేతికి వచ్చినది. మాయాబజారులో లడ్డూలు గాలిలో దేలివచ్చి ఘటోత్కచుని నోట బడుట చూచి మనము అబ్బురపడుదుము గదా! అది సన్నని నల్లదారము మహిమ. వెనుకతెర ముదురురంగుది, వెలుతురు తగినంతయే. అందుచే దారము కంటికానదు. లాగువారు మాత్రము పాట నడకకు సరిగా లాగవలెను. ఆ పని నేర్పిన పెద్దామెను మా పిల్ల పిన్నిగారని పిలిచెడిది. "అమ్మాయీ, పాట వింటూ కూచున్నావంటే లడ్డు వెళ్ళి ముక్కుకు తగులుతుంది. ఘటోత్కచుడి నోరు చూడు!" అని యామె మందలించెనట. పదిదినములు సాధన చేసిన మీదట బ్రదర్శనమున లాగనిచ్చిరి. ఆ రాత్రి యింటికి వచ్చి, "అత్తయ్యా, చప్పట్లన్నీ లడ్డూకే!" యని మా పిల్ల మురిసిపోయినది.

మఱియొకనాడు మేమును బోయి చూచితిమి. మధ్యాహ్నము పొయ్యికడ జారు కాచుచున్న యామెయే సాయంకాలమునకు ముఖమున రంగు పూసికొని శశిరేఖ తల్లి యైనది. ఒక రంగమునకు మఱియొక రంగమునకు నడుమ మనుమనికి నన్నము దినిపించినది. ఆమె కూతురు మా పిల్ల యీడుదే. కంప్యూటరు చదువు చదువుచు సెలవులలో మాత్రమే వేషము వేయును. ఉద్యోగము వచ్చిన నదియు నుండదు. "రాత్రిళ్ళు మేలుకొని, ఊరూరా డేరాలు వేసుకొని మేము పడ్డ పాట్లు దాన్నీ పడమని ఏ నోటితో చెప్పమంటారమ్మా?" యని యామె మమ్మడిగెను. మాకు బదులు తోచలేదు. ఒకప్పుడు ముప్పదికి బైగా నుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్ళమీద లెక్కింప దగినన్ని. ఇంటిపిల్ల వదలిన దారము నొకనెల పట్టుకొనుటకు బయటిపిల్ల వచ్చినది. నెల దాటిన పిదప నెవరు పట్టుదురు?

పిల్లలను బంపు తల్లులకు, అధ్యాపకులకు నొకమాట. నాలుగుదినము లుండి ఛాయాచిత్రములు దీయించుకొని పత్రము తెచ్చుకొనుటకైన బంపవలదు. నేర్పువారికి నది పనిచెఱుపు. వారు తమ యన్నములో బాలు పెట్టి, తమ పనిగంటలు వెచ్చించి నేర్పుచున్నారు. మనమును నాటకమునకు బోయినప్పుడు ఉచితప్రవేశ మడుగక టిక్కెట్టు కొనుట మర్యాద.

మా పిల్ల కళాశాలకీయవలసిన కాగితమున "చేసిన పని" యన్నచోట "దారము లాగుట, చమ్కీలు కుట్టుట" అని వ్రాసినది. అధ్యాపకులు దానిని గొట్టివేసి "రంగస్థల సాంకేతిక సహాయము" అని వ్రాయించిరట. పిన్నిగారు ఆ మాట రెండుమాఱులు చదివించుకొని, నవ్వి, సంతకము చేసినది.