కరువు సీమ వేసవిలో జంతువుల నీటి లెక్క

పశ్చిమ కనుమలు నైరుతి రుతుపవనాల తేమను చాలావరకు తమవైపే కురిపించుకోవడం వల్ల వాటికి తూర్పున వర్షచ్ఛాయా ప్రాంతం, అంటే కొండల చాటున వాన తక్కువగా పడే నేల, ఏర్పడింది. అనంతపురం పీఠభూమి అందులోదే. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాగా, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. బడులకు సెలవులు వచ్చేదీ అప్పుడే కనుక, ఇంటి కుక్క దాహం మొదలు చెట్టు కింద పడిన పిట్టపిల్ల దాకా జంతువుల ఇబ్బందులన్నీ ముందుగా పిల్లల కంటపడతాయి. వారికి జాలిని ఎవరూ నేర్పనక్కరలేదు. ఏ జీవి తన ఒంటి వేడిని ఎలా దించుకుంటుందో పెద్దలు తెలియజెబితే ఆ జాలి పనికొచ్చే సాయంగా మారుతుంది.

శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కెలోరీల ఉష్ణం కావాలి. బాష్పీభవన గుప్తోష్ణం అని పిలిచే ఈ ఉష్ణాన్ని ఆవిరయ్యే నీరు తానున్న చోటినుంచే లాక్కుంటుంది కాబట్టి, మట్టికుండలో నీరు చల్లబడినట్లే నాలుక వేలాడేసి రొప్పే కుక్క రక్తం కూడా చల్లబడుతుంది. గాలి వేడి ఒంటి వేడిని మించినప్పుడు జంతువుకు మిగిలే దారి ఇదొక్కటే. కోస్తాలో గాలి నిండా తేమ ఉండటంతో నీరు దండిగా ఉన్నా చెమట తొందరగా ఆరదు. అనంతపురం పొడిగాలిలో ఆవిరి చకచకా జరిగిపోతుంది, ఒళ్లు బాగా చల్లబడుతుంది, అయితే ఒంట్లోని నీరు కూడా అంతే వేగంగా ఖర్చవుతుంది. ఖర్చయినదాన్ని భర్తీ చేసే నీరు దొరక్కపోవడమే ఈ సీమలో వేసవి తెచ్చే అసలు ప్రమాదం.

కుక్కకు స్వేద గ్రంథులు ప్రధానంగా పాదాల మెత్తల్లోనే ఉంటాయి. వాటివల్ల కలిగే చల్లదనం చాలా కొద్ది. దాని సహజ ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. చొంగ చిక్కబడటం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం, నడక తడబడటం వడదెబ్బ లక్షణాలు. వీటిని గుర్తించిన పిల్లలు వెంటనే పెద్దలను పిలవాలి. కుక్కను నీడకు చేర్చి, పొట్టమీద, కాళ్లమీద మామూలు నీళ్లు పోస్తూ విసరాలి, స్పృహ తప్పుతున్న కుక్క నోట్లో మాత్రం బలవంతంగా నీళ్లు పోయకూడదు, పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లడంలో ఆలస్యం చేయకూడదు. సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రేకుల పంచన గొలుసుతో కట్టేసిన కుక్కకు నీడకు జరిగే వీలు కూడా ఉండదు. ఆ అలవాటును పెద్దలే మానుకోవాలి. ఎండకు అలసి పడుకున్న వీధికుక్కను పిల్లలు తాకకుండా, నీటి తొట్టి దూరంగా పెట్టి వచ్చేయడం మంచిది. కరిచినా, గోరు గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో టీకా వేయించాలి.

కోడికి స్వేద గ్రంథులు అసలే లేవు. అది ముక్కు తెరిచి, గొంతు కింది చర్మాన్ని వేగంగా ఆడిస్తూ వేడిని వదులుతుంది. అలా అదేపనిగా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మోతాదుకు మించి బయటికి పోతుంది. గుడ్డు పెంకులోని కాల్షియం కార్బొనేట్ తయారీకి కావలసింది ఆ వాయువే కావడంతో, ఎండలు ముదిరిన రోజుల్లో పెంకు పలచబడుతుంది. చేతిలో పగిలిపోయేంత పలచటి గుడ్డును పిల్లలకు చూపి ఈ కారణం చెబితే, కోళ్ల గంప ఎండలో ఎందుకు ఉండకూడదో వేరే చెప్పనక్కరలేదు. నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు ఉన్న గేదె చెరువు ఎండిపోతే పొర్లే చోటు కోల్పోతుంది కాబట్టి దాని ఒంటిమీద నీళ్లు చల్లాలి. నెమరువేసే పశువుల పొట్టలోని మొదటి గదిలో సూక్ష్మజీవులు మేతను పులియబెట్టేటప్పుడు కూడా వేడి పుడుతుంది; అందువల్ల వేరుశనగ కట్టె వంటి ఎండుమేతను మిట్టమధ్యాహ్నం మాని తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయడం మేలు.

పిట్టల కోసం పెట్టే మూకుడు వెడల్పుగా, రెండంగుళాలకు మించని లోతుతో ఉండాలి. అందులో నాలుగు గులకరాళ్లు వేస్తే పిచ్చుకే కాదు, తేనెటీగ కూడా మునిగిపోకుండా నిలబడి తాగుతుంది. పిల్లి పొంచి ఉండే పొదల పక్కన దాన్ని పెట్టకూడదు. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ గుడ్డు స్థితి నుంచి వారం పది రోజుల్లో దోమగా ఎదుగుతుంది, పావురాల గొంతులో పెరిగే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కలిసి తాగే నీటి ద్వారా పాకుతుంది. రోజూ నీరు పారబోసి మూకుడును రుద్ది కడగాలనడానికి కారణాలివి. ఏ పిట్ట ఏ వేళకు వచ్చిందో పిల్లలు ఒక నోటుపుస్తకంలో రాసుకోగలిగితే, సెలవుల్లో అంతకన్నా మంచి విజ్ఞాన పాఠం దొరకడం కష్టం.

అడవి జీవుల విషయంలో సాయానికి హద్దు ఉంది. ఈకలు వచ్చి నేలమీద గెంతే పిట్టపిల్ల సాధారణంగా అనాథ కాదు, దాని తల్లిదండ్రులు దగ్గరలోనే ఉంటాయి. కుక్కలను, పిల్లులను దూరంగా ఉంచి, దాన్ని నీడగా ఉన్న కొమ్మమీద కూర్చోబెట్టడంతో సరిపెట్టాలి. ఈకలు రాని కూనను గూట్లో తిరిగి పెట్టవచ్చు. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పక్షి శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది కనుక ముక్కు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. రాష్ట్ర పక్షి రామచిలుకనైనా, ఇసుక నేలల్లో కనిపించే నక్షత్ర తాబేలునైనా ముద్దుగా పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు ముందే చెప్పాలి.

పిల్లలను తీసుకువెళ్లి చూపదగ్గ ఊరు ఈ సీమలోనే ఒకటుంది. పూర్వపు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన చిలమత్తూరు మండలం వీరాపురంలో, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు ఏటా ఇళ్ల నడుమ ఉన్న చింతచెట్ల మీద గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తల్లి కొంగ రెక్కలు చాచి, గూటిలోని కూనలకు గొడుగులా నీడ పడుతుంది. దాని గులాబి రంగు కాళ్లు తరచూ సున్నం పూసినట్లు తెల్లగా కనిపిస్తాయి. కొంగలు తమ కాళ్లమీదే ద్రవరూపపు రెట్ట వేసుకుంటాయి, అందులోని తడి ఆరేటప్పుడు కాళ్లలోని రక్తం చల్లబడుతుంది. చెమట పట్టని పక్షి వృథాగా పోయే నీటితోనే చెమట పని చేయించుకోవడం ఎంతో అబ్బురమైన ఏర్పాటు. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు చేపల కోసం ఇవి దూరం పోవలసి వస్తుంది, గూళ్లలోని కూనలు నకనకలాడతాయి. ఊరివారు వీటిని తమ ఊరి అతిథులుగా చూసుకుంటూ, చెట్లను కొట్టకుండా, గూళ్లనుంచి జారిపడిన కూనలను కాపాడుతూ వస్తున్నారు.

పెద్ద జంతువుల దాహం తీర్చడం పిల్లల పని కాదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుట్టల్లోని ఎలుగుబంట్లకు నీరు అడవిలోపలే దొరకాలి, అందుకే అటవీశాఖ సాసర్ పిట్లు అనే పళ్లెం ఆకారపు గుంటల్లో నీరు నింపిస్తుంది. ఊరి పొలిమేరలో తొట్టి పెడితే ఎలుగును ఇళ్ల మధ్యకు పిలిచినట్లవుతుంది. బోర్లు వచ్చాక పాడుబడిన, గట్టు లేని బావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రం మేకల వెంట తిరిగే పిల్లలకు బాగా తెలుసు. నీటి వాసనకో, దారి తప్పో వచ్చిన జింక అందులో పడక ముందే ఆ బావి ఆనవాలు పంచాయతీకి, అటవీ సిబ్బందికి అందితే ముళ్లకంపతోనైనా కట్టుదిట్టం చేయవచ్చు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల గ్రామాలవారు 1990ల నుంచి కాపాడుకుంటున్న కల్పవల్లి అనే ప్రాంతంలో, బీడుపడిన గుట్టలమీద బోదగడ్డి మళ్లీ లేచి అడవి జంతువులకు చోటు దొరికింది. వేసవిలో అక్కడి ప్రధాన కాపలా నిప్పు నుంచే. ఎండిన బోదలో ఒక్క బీడీముక్క పడినా మేత, గూళ్లు, నేలమీది గుడ్లు కలిసి కాలిపోతాయి కనుక, ముందుగానే గడ్డి తీసేసి మంట దాటలేని ఖాళీ బాటలు వేస్తారు, పొగ కనిపిస్తే ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకుని కదులుతుంది. పొగను ముందుగా చూసి పెద్దలకు కేకవేసే పని ఏ పిల్లవాడైనా చేయగలడు.