నిద్రలేని డాక్టరు, 3.6 మిల్లీలీటర్ల మందు

12 కిలోల బిడ్డకు జ్వరం వచ్చింది. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు ఇవ్వాలి. చేతిలో ఉన్నది 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 3.6 మిల్లీలీటర్లు, 120 మిల్లీగ్రాముల రకమైతే 7.5 మిల్లీలీటర్లు పట్టాలి. పెద్దవాళ్లకైతే ఒక మాత్ర రాసిస్తే సరిపోతుంది. పిల్లల వైద్యంలో దాదాపు ప్రతి మందుకూ ఇలాగే బరువును బట్టి లెక్క కట్టాలి. వచ్చింది నెలలు నిండని 1.2 కిలోల శిశువైతే, దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగినా మోతాదు పది రెట్లవుతుంది.

పగటిపూట ఇది పెద్ద లెక్కేమీ కాదు. ముందురోజు ఉదయం నుంచి కన్ను మూయని డాక్టరు తెల్లవారుజామున మూడింటికి చేయాల్సి వస్తేనే చిక్కు. 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి పనితీరుతో సమానంగా ఉంటుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతమే. 2004లో అమెరికాలో ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లోని జూనియర్ డాక్టర్లను గమనించినప్పుడు, 24 గంటలకు మించిన డ్యూటీలున్న పద్ధతిలో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయని తేలింది.

అండమాన్‌లో ఈ భారానికి సముద్రం తోడవుతుంది. గరాచర్మ పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) శివారులో ఉంది కాబట్టి, తమకు మించిన కేసు వస్తే అక్కడి డాక్టర్లు జి.బి. పంత్ ఆసుపత్రికి పంపగలరు. అక్కడా కుదరకపోతే చెన్నైకి తరలించాలి, అది సుమారు 1,360 కిలోమీటర్ల దూరం. ఉత్తరాన డిగ్లిపూర్‌లోనో, దక్షిణాన కార్ నికోబార్‌లోనో ఉన్న డాక్టరుకు ఆ మొదటి అడుగే కష్టం. ఓడ కదలాలి, లేదా వాతావరణం బాగుండి హెలికాప్టర్ ఎగరాలి. అప్పటిదాకా బిడ్డ ఆ డాక్టరు చేతుల్లోనే ఉంటుంది.

పైగా ద్వీపాల్లో అందరికీ అందరూ తెలిసినవారే. 2011 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనాభా 3.8 లక్షలు, అందులో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవారు. రాత్రి బిడ్డను పోగొట్టుకున్న తల్లి మర్నాడు బజారులో ఎదురుపడవచ్చు. చికిత్స వికటించినప్పుడు రోగి తర్వాత కుంగిపోయేది వైద్యుడేనని, అతణ్ని 'రెండో బాధితుడు' అనాలని అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ వూ 2000లో రాశారు. ఆ బాధ చెప్పుకోవడానికి పక్కన మరో పిల్లల డాక్టరు లేకపోతే అది లోపలే ఉండిపోతుంది. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్దామన్నా ఎవరో చూస్తారన్న జంకు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పని ఒత్తిడితో సత్తువంతా హరించుకుపోయి, పని మీద విముఖత పెరిగే స్థితిని 'బర్నవుట్' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా గుర్తించింది. డిప్రెషన్ జబ్బు. 2008లో మూడు అమెరికా పిల్లల ఆసుపత్రుల్లో 123 మంది రెసిడెంట్లను పరిశీలిస్తే 74 శాతం మందిలో బర్నవుట్, 20 శాతం మందిలో డిప్రెషన్ కనిపించాయి. మందుల విషయంలో పొరపాట్లు డిప్రెషన్ ఉన్నవారిలో ఆరు రెట్లకు పైగా ఉన్నాయి. బర్నవుట్‌కు మాత్రం పొరపాట్లతో అలాంటి సంబంధం కనబడలేదు. అలాగని బర్నవుట్‌ను వదిలేయమని కాదు. రెంటినీ ఒకే గాటన కట్టి అందరికీ ధ్యానం నేర్పితే, నిజంగా చికిత్స కావలసినవారు మరుగున పడిపోతారు.

మరి పిల్లల వైద్యుల సంఘం ఏం చేయగలదు? 1963లో ఏర్పడిన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌కు దేశమంతటా శాఖలున్నాయి. పుట్టగానే ఏడవని శిశువుకు ఊపిరి అందించడం లాంటివి నేర్పే శిక్షణ శిబిరాలు దానికి అలవాటే. డాక్టర్ల క్షేమానికి శిబిరం ఒక్కటే చాలదు. 19 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, వ్యక్తులకు ఒత్తిడి తట్టుకోవడం నేర్పడం కంటే డ్యూటీల తీరును, పనిచేసే పద్ధతిని మార్చడమే ఎక్కువ ఫలితమిచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్ మరో దారి పట్టింది. 74 మంది డాక్టర్లలో కొందరిని చిన్న బృందాలుగా చేసి, రెండు వారాలకోసారి గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడుకోనిచ్చింది. తొమ్మిది నెలల్లో వారికి పని మీద ఆసక్తి పెరిగింది, రోగుల పట్ల ముభావం తగ్గింది. ఆ గంటను ఆసుపత్రి జీతంతో కూడిన పనివేళగానే లెక్కగట్టింది.

పనివేళల సంగతికొస్తే, రెసిడెంట్లకు వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం సిఫారసు చేసిన గరిష్ఠ పరిమితి 74 గంటలు. ముప్పై రెండేళ్లలో అంకె ఎటు జరిగిందో చూడండి.

ద్వీపాల్లో పోర్ట్ బ్లెయిర్, గరాచర్మ, డిగ్లిపూర్, కార్ నికోబార్‌లలోని డాక్టర్లు నెలకు రెండుసార్లు వీడియోలో కలవడానికి ఓడ అక్కర్లేదు. ఆ గంటసేపు డ్యూటీ చూసే మనిషి మాత్రం కావాలి. సెలవు పెట్టిన డాక్టరు స్థానంలో ప్రధాన భూభాగం నుంచి మరొకరిని వంతులవారీగా రప్పించే ఏర్పాటుకు సంఘాలు పూనుకోవచ్చు. ఎవరికీ కనబడకుండా మాట్లాడాలనుకునే వారికి 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులోనూ మాట్లాడవచ్చు, డాక్టరైనా సరే.